దక్షిణం రద్దయిన ఊరు

చింతలపట్నం నగరపాలక సంస్థ దక్షిణ దిక్కును రద్దు చేసిన కౌన్సిల్ సమావేశంలో నేనూ ఉన్నాను. మినిట్స్ రాసే పని నాది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. "వ్యతిరేకించేవారు చేతులెత్తండి" అని మేయర్ గారు అడిగినప్పుడు చివరి వరసలో ఒక కార్పొరేటర్ చెయ్యెత్తారు గాని, అది టీ కోసం.

దక్షిణం మీద మా సంస్థకు పాత కక్షలేమీ లేవు. కారణమల్లా పాత బస్టాండు స్థలంలో కట్టిన వాణిజ్య సముదాయం. ఊరంతా బైపాసు వైపు పోతోందనీ, కొత్త షోరూములన్నీ అక్కడే వెలుస్తున్నాయనీ, పాత బజారు ప్రాంతం వెలవెలబోతోందనీ పైనుంచి లేఖలు వచ్చాయి. నగరం నడిబొడ్డుకు మళ్లీ ప్రాణం పోయాలన్నారు. బస్టాండు పడగొట్టి, ఆ స్థలంలో రైలుపెట్టెల వరసలా పొడుగాటి భవనం కట్టి, దానికి 'నగర హృదయం' అని పేరు పెట్టారు. సగం దుకాణాలు ఉత్తరాన మెయిన్ బజారుకు ముఖం పెట్టి ఉంటాయి. మిగతా సగం దక్షిణాన మార్కెట్ యార్డు రోడ్డు వైపు ఉంటాయి. గదులు ఒకటే, షట్టర్లు ఒకటే. నిజానికి దక్షిణం వైపు రోడ్డే వెడల్పు, బండి పెట్టుకోవడానికి జాగా కూడా అటే ఉంది.

వేలం పెట్టిన రోజే ఉత్తరం వైపు మొత్తం నిండిపోయింది. దక్షిణం వైపు ఈగ కూడా వాలలేదు. సెల్‌ఫోన్ల వ్యాపారి ఒకాయన మెట్టు మీద కాలు పెట్టి, జేబులోంచి ఫోన్ తీసి దిక్సూచి చూసుకుని, నిప్పు తొక్కినట్టు కాలు వెనక్కి తీసుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆ వరసలో ఒకే ఒక్క షట్టరు తెరిచి ఉండేది. అది గురవమ్మ గారి అప్పడాల దుకాణం. యాభై దాటిన మనిషి. ఆవిడా, సాయానికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లూ పొద్దున్నే పిండి కలిపి, వత్తి, ముందు వసారాలో మంచాల మీద చాపలు పరిచి ఆరబెట్టేవాళ్లు. శీతాకాలంలో కూడా సాయంత్రం దాకా అక్కడ ఎండ ఉంటుంది. ఆవిడ ఆ గది తీసుకున్నది అందుకే. పైగా అద్దె కూడా తక్కువ.

"యముడి దిక్కంట కదా, భయం లేదా పిన్నీ?" అని అడిగితే, "వస్తే రానీ, నాలుగు అప్పడాలు కాల్చి పెడతా. తిన్నాక చూద్దాం, తీసుకెళ్లే మొహమేనో కాదో" అనేది.

నన్ను 'ప్లానింగమ్మా' అని పిలిచేది. వార్డు ప్లానింగ్ కార్యదర్శి అనడానికి ఆవిడకు అంత తీరిక లేదు.

నడిబొడ్డు జీవకళను కొలిచే సూచీ ఒకటి ఆ ఏడాది కొత్తగా వచ్చింది. అందులో మా ఊరు అడుగున నిలిచింది. మూసిన షట్టర్లకు మార్కులు కోసేశారు. దాంతో హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే కన్సల్టెంటును పిలిపించారు. కుర్రవాడే. తెల్ల బూట్లు వేసుకుని, బజారంతా మూడుసార్లు తిరిగి, బూట్లు తెల్లగానే ఉంచుకుని వచ్చాడు. కమిషనర్ గారి గదిలో తెర మీద బొమ్మలు చూపించాడు.

"ఇది స్పేస్ ప్రాబ్లం కాదు సార్. పర్సెప్షన్ ప్రాబ్లం. మార్కెట్‌కి సౌత్ అనే ప్రాడక్ట్ నచ్చలేదు."

కమిషనర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఆలోచిస్తున్నారని మాకు అలా తెలిసేది.

"భవనాన్ని తిప్పడం సాధ్యమేనా?"

"ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లు పరిశీలించారండి" అన్నారు టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ చెంచురామయ్య గారు. "సాధ్యం కాదని తేల్చడానికి అయ్యే ఖర్చుకు ఎస్టిమేట్ పంపారు."

"భవనం తిరగదు. ప్రజల నమ్మకం తిరగదు. అయితే ఇక తిప్పదగినది ఏముంది?"

గదిలో అందరం ఫ్యాను వైపు చూశాం.

"దిక్కు" అన్నారు కమిషనర్ గారు.

చెంచురామయ్య గారు సర్వీసంతా ఫైళ్లలోనే గడిపిన మనిషి. ఆశ్చర్యపోవడం ఆయనకు అలవాటు లేదు. చట్టం పుస్తకం తెప్పించి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పారు. "వీధులకు, పార్కులకు, వార్డులకు, కూడళ్లకు 'మరియు ఇతరములకు' పేర్లు మార్చే అధికారం మనకుందండి. దిక్కులు ఇతరములలోకి రావని ఎక్కడా లేదు."

"రావని లేనప్పుడు వచ్చినట్టే" అన్నారు కమిషనర్ గారు.

అలా తీర్మానం పుట్టింది. 'నగర హృదయ సముదాయపు దక్షిణ పార్శ్వమును ఇకమీదట అన్ని వ్యవహారములలోనూ ఉత్తరముగా పరిగణించవలెను' అని దాని సారాంశం. నీలం బోర్డు మీద తెల్ల బాణం వేసి, 'ఉత్తరం' అని రాయించి, మార్కెట్ యార్డు రోడ్డు మొగలో పాతించారు. రాత్రి కూడా కనపడాలని దానికో లైటు పెట్టారు.

వ్యాపారులు మొదట నమ్మలేదు. వాళ్లందరూ కలిసి ఊళ్లో పేరున్న వాస్తు సిద్ధాంతి గారిని తీసుకొచ్చారు. ఆయన బోర్డు చుట్టూ ప్రదక్షిణంగా తిరిగి, ఉత్తర్వు కాపీ చదివి, మొదట పెదవి విరిచారు. ఉత్తర్వు రాహుకాలంలో సంతకమైందట. కమిషనర్ గారు వెంటనే సవరణ ఉత్తర్వు మంచి ముహూర్తంలో ఇచ్చారు. అప్పుడు సిద్ధాంతి గారు మెట్టెక్కి వ్యాపారులకు అభయమిచ్చారు.

"ఉత్తరమంటే ధ్రువ నక్షత్రం ఉండేవైపు. శాస్త్రం అదే చెప్పింది. అయితే నక్షత్రం పగలు కనపడదు. మీరు రాత్రి దుకాణం తెరవరు. కాబట్టి దోషం లేదు."

ఆ వారంలోనే దక్షిణం వైపు గదులన్నీ పోయాయి. సెల్‌ఫోన్ల వ్యాపారి రెండు గదులు పాడుకున్నాడు. ఈసారి మెట్టెక్కేముందు ఫోన్ తీయలేదు, బోర్డుకే దణ్ణం పెట్టుకున్నాడు. నిఖిలేష్ ముందూ తరువాతా ఫోటోలు పక్కపక్కన పెట్టి పైకి పంపాడు. కమిషనర్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. వార్డు స్కూలు టీచరు ఒకామె వచ్చి, పిల్లలకు దిక్కులు ఎలా చెప్పమంటారని అడిగింది. వార్డు హద్దుల లోపల ఉత్తర్వు ప్రకారం, హద్దులు దాటాక సూర్యుడి ప్రకారం చెప్పమని చెంచురామయ్య గారు రాతపూర్వకంగా తెలియజేశారు. భవనం పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టిన కాంట్రాక్టరు ఇంకా నియమబద్ధుడు. ఫలకాలు దక్షిణానికి తిరిగి ఉండాలని అతని ఒప్పందంలో ఉంది. కాబట్టి మనుషుల్ని పెట్టి అన్నిటినీ కొత్త దక్షిణానికి తిప్పించి బిల్లు పెట్టాడు. కరెంటు సగానికి పడిపోయింది. ఎందుకు పడిపోయిందో సంజాయిషీ ఇవ్వమని మెమో టైపు చేశారు గాని, ఎవరికి పంపాలో తేలక అది ఇంకా మా సెక్షన్‌లోనే ఉంది.

గురవమ్మ గారికి నోటీసు నేనే తీసుకెళ్లాల్సి వచ్చింది. ఉత్తర ముఖపు గదులకు ఉన్న అద్దే ఇకనుంచి ఆవిడా కట్టాలి. అది పాత అద్దెకు మూడింతలు.

ఆవిడ అప్పడాలు తిరగేస్తోంది. చేతులు తుడుచుకోకుండానే, "చదువు" అంది.

చదివాను.

"నేనేడకన్నా కదిలానా?"

"లేదు పిన్నీ."

"గది కదిలిందా?"

"లేదు."

"మరి ఏంది కదిలింది?"

"దిక్కు."

ఆవిడ వసారాలోంచి రోడ్డు మీదికి వచ్చి, అటూ ఇటూ చూసి, మళ్లీ వచ్చి పీట మీద కూర్చుంది. "మూడింతలంటే నావల్ల కాదమ్మా. ఈ ఇద్దరికీ కూలి ఇచ్చి, మినప్పప్పు కొనుక్కుని, నాకు మిగిలేది నోట్లోకే. పో అంటే పోవాలి. ఎండ లేని గది ఇస్తే ఏం చేసుకోను? అప్పడాలు పొయ్యి మీద ఆరబెట్టనా? నేను దక్షిణం కుదుర్చుకున్నా. నా దక్షిణం నాకిమ్మను."

ఆ మాటే అర్జీగా రాసి కమిషనర్ గారికి ఇచ్చింది. ఆయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడారు.

"చూడండమ్మా, మీకు మేము మేలు చేశాం. ఏ ఖర్చూ లేకుండా మీ దుకాణం ఉత్తర ముఖం అయింది. జనం కోరి కొనుక్కునేది మీకు ఊరికే వచ్చింది."

"నాకొద్దు బాబూ. ఆ ఉత్తరమేదో మీ ఇంట్లో పెట్టుకోండి. నాది నాకియ్యండి."

"ఇట్టి దిక్కు ప్రస్తుతం మా వద్ద లభ్యం కాదు."

"ఇది ఉత్తరమైతే, దక్షిణం ఎటు పోయింది?"

గదిలో మెయిన్ బజారు బట్టల వ్యాపారి పబ్బిశెట్టి శేషగిరి గారు వేరే పని మీద వచ్చి కూర్చుని ఉన్నారు. ఆ ప్రశ్నకు ఆయన చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. ఉత్తరం వైపు వరసలో మొదటి నాలుగు గదులు ఆయనవి.

"అవును సార్" అన్నారు మెల్లగా. "ఎటు పోయింది?"

మర్నాడే మెయిన్ బజారు వైపు వరసంతా షట్టర్లు దించి మా ఆఫీసు ముందు బైఠాయించింది. వెనక వైపు ఉత్తరమైతే ముందు వైపు దక్షిణమే కదా అని వాళ్ల వాదన. శేషగిరి గారికి ఆ ఒక్క రాత్రిలోనే మోకాలి నొప్పి మొదలైందట. ఆయన బావమరిది కారు ఎవరో గీశారట. ఇంకొకాయన గల్లాపెట్టె తాళం విరిగిందట. అన్నిటికీ దక్షిణమే కారణం.

"మేము ఉత్తరానికి పాడుకున్నాం సార్! మాకు తెలియకుండా వెనక నుంచి దక్షిణం అంటగట్టారు!"

కమిషనర్ గారు బాల్కనీలోకి వచ్చి చేతులు జోడించారు. "సోదరులారా, సంస్థకు అందరూ సమానమే. ఎవరి ఉత్తరమూ ఎవరూ తీసుకోలేదు. ఈ క్షణం నుంచి సముదాయానికి రెండు ఉత్తరాలు ఉంటాయి."

చప్పట్లు కొట్టారు. కాని శేషగిరి గారు వ్యాపారి. చప్పట్లు కొడుతూనే లెక్క వేసుకున్నారు. "ఒక్కటే ఉత్తరం ఉన్నప్పుడు పాడిన పాట సార్ అది. ఇప్పుడు వెనక వీధిలో కూడా ఉత్తరం దొరుకుతుంటే ఆ రేటు మేమెందుకు కట్టాలి?"

చర్చలు జరిగాయి. రెండు వైపులా 'సాధారణ ఉత్తరం' అనే కొత్త తరగతి కింద అద్దె బాగా తగ్గించారు. అది దాదాపు గురవమ్మ గారి పాత అద్దె దగ్గరికే వచ్చి ఆగింది. కాని ఈ తగ్గింపు సంగతి వెలువడేలోపే ఆవిడ కోర్టుకు వెళ్లింది. ఆవిడ దగ్గర మిరియాల అప్పడాలు తీసుకునే ప్లీడరు గారు ఒకాయన ఫీజు లేకుండా కేసు వేశారు. జడ్జి గారు రెండు వైపులా విని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, కేసు తేలేదాకా వాది దుకాణం ఏ దిక్కులో ఉండేదో ఆ దిక్కులోనే ఉంచవలసిందని ఉత్తర్వు ఇచ్చారు.

అద్దె తగ్గిన నష్టం పూడ్చుకోవాలి కాబట్టి సంస్థ ఆ నెలలోనే 'దిక్కుల క్రమబద్ధీకరణ పథకం' తెచ్చింది. ఊళ్లో ఎవరైనా సరే తమ ఇంటికీ దుకాణానికీ ఉన్న దక్షిణాన్ని, గజానికి ఇంత అని ఫీజు కట్టి ఉత్తరంగా మార్చుకోవచ్చు. ఫీజు త్వరగా రావాలని నిబంధనలు చాలా తేలిక చేశారు.

జనం ఎగబడ్డారు. దక్షిణ ముఖం ఉందని పెళ్లి సంబంధాలు తప్పిపోయిన ఇళ్లవాళ్లు, ముందు గేటు మూసేసి ఏళ్ల తరబడి వెనక సందులోంచి తిరుగుతున్నవాళ్లు, సగం ధరకు కూడా స్థలం అమ్ముకోలేనివాళ్లు, అందరూ వచ్చారు. తలుపు మీద సర్టిఫికెట్టు అంటించుకుని, ముందు గేటు తెరుచుకుని, చుట్టాలను భోజనాలకు పిలిచారు. నేను రోజంతా సంతకాలు పెట్టేదాన్ని. వినాయక చవితి నాటికి చింతలపట్నంలో దక్షిణం అనేదే లేకుండా పోయింది. నాలుగు వైపులా ఉత్తరమే ఉన్న ఇళ్లు కూడా కొన్ని ఉండేవి.

మిగిలింది గురవమ్మ గారి షట్టరు వెడల్పు దక్షిణం ఒక్కటే. కోర్టు కాపాడుతోంది కాబట్టి.

దక్షిణంతో పని పడే సందర్భం ఒకటి ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తోచలేదు. ఒకరోజు మధ్యాహ్నం మాజీ కార్పొరేటర్ దావులూరి వారింటి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన పెదనాన్న గారు నిండు వయసులో పోయారు. ఆయన్ను ఏ దిక్కుకు తల పెట్టి పడుకోబెట్టాలో తెలియక ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు.

"దక్షిణానికి పెట్టండి" అన్నారు చెంచురామయ్య గారు.

"ఆ సంగతి మాకు తెలుసయ్యా! ఏది దక్షిణం? మా ఇంటికి నాలుగు పక్కలా మీరే సర్టిఫికెట్లు ఇచ్చారుగా!"

"తాత్కాలిక దక్షిణానికి దరఖాస్తు పెట్టుకోండి."

నేను కంప్యూటర్‌లో వెతికాను. పథకంలో దక్షిణాన్ని ఉత్తరం చేసే మీట ఉంది గాని, ఉత్తరాన్ని దక్షిణం చేసే మీట లేదు. చివరికి పెద్దాయన్ను వ్యానులో పక్క పంచాయతీకి తీసుకెళ్లి, ఒక మిరప చేను గట్టు మీద కాసేపు దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టి, తిరిగి తీసుకొచ్చారు. చేను ఆసామి మంచివాడు, ఏమీ అడగలేదు. రెండోసారి ఇంకో కుటుంబం వచ్చినప్పుడు మాత్రం మొక్కలు తొక్కుతున్నారని అరిచాడట.

ఈ గొడవ సద్దుమణగక ముందే మహాలయ పక్షం వచ్చింది. పెద్దలకు తర్పణం వదలాలంటే దక్షిణానికి తిరిగి కూర్చోవాలి. సర్టిఫికెట్టు గోడ మీద ఉండగా ఇంట్లో ఎటు తిరిగి కూర్చున్నా పెద్దలకు చేరుతుందో లేదోనని జనానికి బెంగ పట్టుకుంది. ఎవరు మొదట చెప్పారో తెలియదు గాని, పాడ్యమి నాటి పొద్దున గురవమ్మ గారి వసారాలో ఆరుగురు మగవాళ్లు నువ్వులూ దర్భలూ రాగి చెంబులూ పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఈ ఒక్క చోటే ఉందంటగా. కాసేపు కూర్చుని పోతాం."

"కూర్చోండి, మీ పెద్దోళ్ల పని కాదనటానికి నేనెవర్ని? మంచాలకేసి నీళ్లు చల్లబాకండి, అప్పడాలు తడుస్తాయి."

మర్నాటికి వరస మార్కెట్ యార్డు గేటు దాకా పోయింది. పురోహితులు వంతులవారీగా మంత్రం చెప్పించారు. పక్క సెల్‌ఫోన్ల దుకాణం గోడ దగ్గర కూర్చుంటే సగం మోకాలు ఉత్తరంలోకి పోతోందని ఇద్దరు తగువు పడ్డారు. శేషగిరి గారు మొదట తన గుమాస్తాను పంపించి, తండ్రికి తానే వదలాలని పంతులు గారు చెప్పాక, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారు.

"ఏంది శెట్టిగారూ, మోకాలి నొప్పి తగ్గిందా?" అని పలకరించింది గురవమ్మ గారు.

"తగ్గిందమ్మా. కొంచెం ముందుకు పంపించవా?"

"యమలోకంలో కూడా వరసే అంటండి. అలవాటు చేసుకోండి."

తర్పణం అయినవాళ్లు ఊరికే పోలేక తలా ఒక కట్ట అప్పడాలు కొనుక్కున్నారు. ఆవిడకు ఇంకో ఇద్దరిని సాయం పెట్టుకోవాల్సి వచ్చింది.

అదే ఆవిడకు ముప్పు తెచ్చింది. జనం రాకపోకలు లెక్కపెట్టే కెమెరా ఒకటి నిఖిలేష్ ఆ వీధిలో పెట్టించాడు. కాగితం తీసుకుని పరుగున వచ్చాడు.

"సార్, మొత్తం ఊళ్లో హయ్యెస్ట్ ఫుట్‌ఫాల్ ఇక్కడే! బైపాసులో మాల్ కంటే ఎక్కువ. సౌత్ ఈజ్ ద న్యూ ప్రీమియం. ఇంత ఐకానిక్ డైరెక్షన్‌లో అప్పడాలా సార్?"

కమిషనర్ గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

వారం తిరక్కుండా ప్రణాళిక తయారైంది. దాని పేరు 'దక్షిణ దర్శన ప్రాంగణం'. గది గోడలు పాలరాయి, మధ్యలో ఇత్తడి బాణం, టికెట్టు, శీఘ్ర దర్శనానికి వేరే టికెట్టు. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క దక్షిణం ప్రజల ఉమ్మడి ఆస్తి కాబట్టి ఒక ప్రైవేటు వ్యక్తి చేతిలో ఉండరాదని నోట్ ఫైలులో రాశారు. పాలరాయి తరువాతైనా పరవొచ్చని, మహాలయ అమావాస్య నాడు మంత్రి గారు ప్రారంభించేటట్టు ఖాయమైంది.

కోర్టు కేసు అడ్డు కదా అంటే, మా వకీలు వెళ్లి జడ్జి గారి ముందు నిలబడి, ఆ దుకాణం నిస్సందేహంగా దక్షిణమేనని సంస్థ ఒప్పుకుంటోందన్నారు. గురవమ్మ గారు కేసు గెలిచింది. జడ్జి గారు అభినందించారు కూడా. గెలిచిన సాయంత్రమే ఆవిడకు గది ఖాళీ చేయమని నోటీసు ఇచ్చారు. అదీ నేనే తీసుకెళ్లాను. అమావాస్య రేపనగా.

వసారా అంతా దర్భలు పడి ఉన్నాయి. ఆవిడ ఊడుస్తోంది. "చదువు" అంది.

చదివాను. ఆవిడ చీపురు గోడకు ఆనించి పెట్టింది. సాయం చేసే ఆడవాళ్లు మంచాలు ఎత్తి నిలబెట్టి, అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"ఉత్తరమన్నప్పుడు పో అన్నారు. దక్షిణమన్నా పో అంటన్నారు. ఏదైతే ఉండనిస్తారో అది చెప్పు ప్లానింగమ్మా."

"సాధారణ ఉత్తరం వాళ్లనైతే ఎవరూ ఏమీ అనడం లేదు పిన్నీ."

"దానికెంత అద్దె?"

"దాదాపు నువ్వు కట్టేదే."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఆ మార్చే స్కీము ఇంకా ఉందా?"

"ఉంది. ఇంటి యజమానే కాదు, అద్దెకున్నవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. ఫీజు కడితే అదే రోజు ఇచ్చేయాలి. ఎందుకు మారుస్తున్నారని అడగకూడదు. కమిషనర్ గారే పెట్టిన నిబంధన."

"ఎందుకని అడగరా?"

"అడగకూడదు."

"అయితే మా పంచలోకి వచ్చిన పెద్దోళ్లంతా ఏమవుతారు? రేపు అమావాస్య."

 మళ్లీ ఆవిడే, పడి ఉన్న దర్భలు ఏరుతూ, "పాలరాయి మీద టికెట్టు కొని కూర్చోబెట్టే కంటే, చేలగట్టు మీద ఉచితంగా కూర్చోవటం నయంలే. నడువు" అంది.

ఇద్దరం వార్డు సచివాలయానికి నడిచి వెళ్లాం. ఆవిడ కొంగు ముడి విప్పి ఫీజు కట్టింది. షట్టరు వెడల్పే కాబట్టి ఎంతో కాలేదు. నేను మీట నొక్కాను, సర్టిఫికెట్టు వచ్చింది, సంతకం పెట్టాను. అప్పటికి ఆ పథకంలో పెట్టిన సంతకాలన్నీ ఒకలాగే పెట్టాను. ఇది కొంచెం శ్రద్ధగా పెట్టాను.

మర్నాడు పొద్దున్నే మేళం వచ్చింది, పోలీసులు వచ్చారు, రాగి చెంబులతో వందలాది జనం వచ్చారు. మంత్రి గారు కారు దిగారు. కమిషనర్ గారు వెండి పళ్లెంలో కత్తెర పట్టుకుని, వినయంగా వంగి, దుకాణం ముందుకు దారి చూపించారు. షట్టరు తెరిచి ఉంది. మంచాల మీద చాపలు పరిచి, అప్పడాలు ఆరేసి ఉన్నాయి. స్తంభానికి సర్టిఫికెట్టు అంటించి ఉంది.

చెంచురామయ్య గారు దగ్గరికి వెళ్లి చదివారు. అలవాటు ప్రకారం ఆశ్చర్యపోలేదు. వెనక్కి వచ్చి కమిషనర్ గారి చెవిలో చెప్పారు. "అన్నీ సక్రమంగానే ఉన్నాయండి. రద్దు చేయడానికి మనకు నిబంధన లేదు. మనమే వద్దనుకున్నాం."

కమిషనర్ గారు కళ్లజోడు తీసి, పళ్లెంలో కత్తెర పక్కన పెట్టారు.

మంత్రి గారికి విషయం అర్థం కాలేదు. ఆయన తండ్రి పోయి ఏడాది దాటాక ఇదే మొదటి మహాలయమట, తర్పణానికి నువ్వులు కూడా తెచ్చుకున్నారు. సూటిగా గురవమ్మ గారినే అడిగారు.

"ఏమ్మా, ఇక్కడ దక్షిణం ఉందన్నారే?"

గురవమ్మ గారు పీట మీదినుంచి లేచి, కొంగు భుజం మీదుగా సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

"నిన్న సాయంత్రం దాకా ఇక్కడే ఉంది బాబూ. మీరు తీసుకుపోతారంటే, నేనే తీసేశా."